చేతిలో పాస్ ఉన్నవాడు

పుయెర్తో సెరెనో, 1999 జనవరి 12

తమ్ముడూ ఆడెమార్,

నీ క్రిస్మస్ ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను, తిట్టుకోకు. మన సెరెనో ఫుట్‌బాల్ క్లబ్ ఇరవై మూడేళ్ళ తర్వాత మొదటి డివిజన్‌కి ఎక్కిన రోజు నుంచి ఈ ఊళ్ళో ఎవరికీ కాలు నిలవడం లేదు. రొట్టెల కొట్టువాడు నా దగ్గర డబ్బులు తీసుకోనంటున్నాడు. మా ఆయన ఈ రోజు చూడకుండానే పోయాడు. ఆయన పోయినప్పుడు "నాలుగు నెలలు కూర్చోండి దొన్యా, చాలు" అని నన్ను అధ్యక్షురాలి కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళు తొమ్మిదేళ్ళయినా లేవనివ్వలేదు.

అసలు సంగతికి వస్తాను. మందుల షాపు ఓరోస్మన్ ఉన్నాడే, మా ఉపాధ్యక్షుడు, అతను గాస్టన్ ఇరిబార్నెని తెద్దామంటున్నాడు. అవును, ఆ ఇరిబార్నేనే. ఇటలీలో ఆరేళ్ళు, మెక్సికోలో రెండేళ్ళు ఆడినవాడు. అక్కడ కాంట్రాక్టు అయిపోయింది, పాస్ ఇప్పుడు అతని చేతిలోనే ఉంది. ఏ క్లబ్బుకీ ఒక్క పెసో కట్టి కొనుక్కోవక్కర్లేదు. "ఉచితం దొన్యా నెల్బా, ఉచితం! అదృష్టం నడిచొచ్చి గుమ్మంలో నిలబడితే తలుపేసుకుంటామా?" అని రోజుకి పదిసార్లు అంటున్నాడు. కాని ఆ ఉచితం మనిషి నెల జీతం మిగతా జట్టంతటి జీతంతో సమానం. రెండేళ్ళకి రాసివ్వాలి. అతను రావాలంటే పాతవాళ్ళలో ముగ్గురు వెళ్ళాలి. అందులో టెచేరా ఒకడు. పదకొండేళ్ళుగా మా ఎడమ వైపు కాసినవాడు.

పోయినేడు ఇరిబార్నె మోకాలికి మీ క్లబ్ ఆసుపత్రిలోనే వైద్యం జరిగిందని పేపర్లో చదివాను. రోజూ మాలీషు చేసేవాడివి నువ్వే అయ్యుంటావు. ఒక్క ముక్క చెప్పు. ఆ మోకాలు రెండేళ్ళు లాగుతుందా, లాగదా? ఫిబ్రవరి రెండున సంతకాలు. ఫోన్ మాత్రం చెయ్యకు. నా చెవుల సంగతి నీకు తెలుసు, అవునంటే కాదని వింటాను. రాసి పంపు.

మరదలు సుల్మాకి కీళ్ళనొప్పులు తగ్గాయా? నేను పంపిన జామపండు హల్వా గట్టిపడిందా, కారిపోయిందా?

అక్క,
నెల్బా

-

మోంటెవిడియో, జనవరి 19

అక్కా,

హల్వా దారిలోనే కారిపోయింది. డబ్బాలోంచి చెంచాతో తిన్నాం. సుల్మా నొప్పులు వానాకాలం వస్తేనే గుర్తొస్తాయి, ఈ నడివేసవి ఎండలకి హాయిగా ఉంది. రోజూ సముద్రం ఒడ్డుకి వెళ్ళి తడిసి వస్తోంది. పై వాటా ముసలాయన కుక్క మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నువ్వడిగింది చదివి రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నా చేతుల కింద పడుకున్నవాళ్ళ ఒంటి సంగతి నేను బయట అనకూడదు. చేరిన రోజునే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. తమ్ముడివని అడిగావు, కాదనలేను. ఉద్యోగస్థుణ్ణి, చెప్పలేను.

మనిషిగా మాత్రం చెప్పొచ్చు. గాస్టన్ మంచివాడు. మా ఆయాలని పేరు పెట్టి పిలుస్తాడు. మిగతా ఆటగాళ్ళకి నేను మాలీషువాణ్ణి, అతనికి ఆడెమార్‌ని.

ఇంక నాకు చేతనైంది ఇంతే: నాన్న సంతలో గుర్రం కొన్న సంగతి గుర్తు తెచ్చుకో. అమ్మేవాడు పక్కన నిలబడి తొందరపెడుతుంటే నాన్న ఏం చేశాడో, తర్వాత ఏమైందో తలుచుకో. నువ్వు నాన్న కూతురివి, అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ ఉత్తరం చింపెయ్యి.

నీ తమ్ముడు

-

పుయెర్తో సెరెనో, ఫిబ్రవరి 4

బంగారు తమ్ముడూ,

సంతకం అయిపోయింది!

నీ ఉత్తరం చదివి నేను ఏడ్చానంటే నమ్ముతావా? ఆ గోధుమరంగు గుర్రం! సంతంతా ముసలిదని నవ్వితే నాన్న ఎవరి మాటా వినకుండా కొన్నాడు. పన్నెండేళ్ళు బండి లాగింది. నా పెళ్ళికి నన్ను చర్చికి తీసుకెళ్ళింది అదే. నీ నోరు కట్టేసినా చెప్పాల్సింది ఎంత బాగా చెప్పావు! ఓరోస్మన్‌కి ఆ ఉత్తరం చూపించలేదు, నువ్వన్నట్టే చింపేశాను.

ఇరిబార్నె బస్సు దిగేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది. మాంసం ఫ్యాక్టరీ వాళ్ళు ఒక షిఫ్టు ఆపేశారట. క్లబ్ వంటమనిషి రొసౌరా అతన్ని గట్టిగా వాటేసుకుంటే చొక్కా నిండా పిండి అంటుకుంది. అలాగే ఫోటోలు దిగాడు. అతని ఏజెంటు గడియారం చూసుకుంటూ "సాయంత్రానికి ఇంకో క్లబ్ వస్తానంటోంది" అంటూనే ఉన్నాడు. మా డాక్టరు బీపీ చూశాడు, గుండె విన్నాడు. ఇరవై రోజుల్లో పూర్తి పరీక్షలు చేయించి, తేడా ఉంటే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చని ఒక షరతు రాయించాను. అంత తెలివితక్కువదాన్నేం కాదు! కాని ఇప్పుడు అంత అవసరం ఏముంది?

సంతకం పెట్టేటప్పుడు అతను కాస్త తలొంచుకుని ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళి చెవిలో అన్నాను: "నీ సంగతి నాకంతా తెలుసు నాయనా. మా తమ్ముడు రాశాడు. నువ్వు నిశ్చింతగా ఉండు." నా చెయ్యి పట్టుకుని ఎంతసేపు వదల్లేదో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత సున్నితమైన మనిషి!

టెచేరాకి నేనే చెప్పాను, ఇంకొకరి చేత చెప్పించడం నాకిష్టం లేకపోయింది. "సరే దొన్యా" అన్నాడు, అంతే. బూట్లు సంచిలో వేసుకుని వెళ్ళాడు. ఆ "సరే" ఇంకా చెవిలో ఉంది. నాకు వినపడేవే తక్కువ, అవి మాత్రం పోవు.

సుల్మాని ముద్దు పెట్టుకో. మార్చిలో మ్యాచ్‌కి రండి, అధ్యక్షురాలి పక్కన కూర్చోబెడతాను.

గర్వంతో,
మీ నెల్బా

-

మోంటెవిడియో, ఫిబ్రవరి 9

అక్కా,

ఏ గోధుమరంగు గుర్రం?

నేను చెప్పింది బూడిదరంగు దాని గురించి. నువ్వప్పుడు సాల్తోలో అత్త దగ్గర చదువుకుంటున్నావు. నువ్వు లేవు! ఆ సంతకి నాన్నతో వెళ్ళింది నేను. అమ్మేవాడు తొందరపెడితే నాన్న దాన్ని పరుగెత్తించి చూడకుండానే కొనేశాడు. నెల తిరక్కుండా కుంటింది. నాన్న వాడి కోసం మూడు సంతలు తిరిగాడు, దొరకలేదు. మన ఇంట్లో గుర్రం అంటే నాకు అదే. నీకు ఇంకొకటని నాకు తట్టనే లేదు.

ఇక విడమరిచే రాస్తున్నాను, ఉద్యోగం పోతే పోనీ. ఆ మోకాలిలో గుజ్జు లేదు. ఎముక ఎముకని రాసుకుంటోంది. ఒక ఆట ఆడితే మూడు వారాలు వాస్తుంది. ఎనిమిది నెలలు నా చేతులతో పట్టాను, నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. మా డాక్టర్లు ఎక్స్‌రే తీసి చూసి, రెండో మాట లేకుండా ఇక ఆడొద్దన్నారు.

నీ షరతు ఇంకా బతికే ఉంది. ఫిబ్రవరి ఇరవై రెండు లోపు సాల్తో తీసుకెళ్ళి మోకాలికి పూర్తి పరీక్ష చేయించు. నా పేరు రానివ్వకు. పరీక్షే చెబుతుంది.

క్లబ్బుకి రెండుసార్లు ఫోన్ చేశాను. లైను దొరికినప్పుడు ఓరోస్మన్ తీశాడు. అతనితో ఇది ఎలా చెప్పను? పెట్టేశాను. నువ్వు పొద్దస్తమానం క్లబ్బులోనే ఉంటావు కాబట్టి అక్కడికే రిజిస్టర్ చేస్తున్నాను.

త్వరపడు అక్కా.

ఆడెమార్

-

పుయెర్తో సెరెనో, మార్చి 3

ఆడెమార్,

నీ ఉత్తరం నా చేతికి ఫిబ్రవరి ఇరవై ఏడున వచ్చింది. ఇరిబార్నె పేరు మీద రోజుకి బస్తా ఉత్తరాలు వస్తున్నాయి. గుమాస్తా సంతకం పెట్టి నీ రిజిస్టరు ఉత్తరాన్ని కూడా వాటితో కట్టగట్టేశాడు. గడువు అయిపోయి ఐదు రోజులైంది.

దానికి నేనెవర్నీ అనడం లేదు. నిన్నంటున్నాను. లాగుతుందా, లాగదా అని అడిగాను. రెండు మాటల్లో ఒకటి రాస్తే సరిపోయేది. నా దగ్గరికి గుర్రాన్ని తోలావు. ఉద్యోగం పోతే పోనీ అని ఫిబ్రవరిలో రాశావే, ఆ ధైర్యం జనవరిలో ఎక్కడికి పోయింది?

ఇంకొకటి కూడా విన్నాను. మీ క్లబ్బే ఇరిబార్నె కోసం తిరుగుతోందట. మేం వదులుకుంటే మీరు పట్టుకుపోదామని ఈ ఉత్తరం రాయించారని ఓరోస్మన్ అంటున్నాడు. నేను నమ్మలేదు. పూర్తిగా నమ్మలేదని కూడా చెప్పలేను.

ఆదివారం అతను ఆడాడు. అరవై నిమిషాలు. ఫ్రీకిక్‌తో గోలు కొట్టాడు. బంతి గోడలా నిలబడ్డవాళ్ళ తల మీంచి వెళ్ళి మూలలో పడింది. రొసౌరా స్పృహ తప్పింది. ఇది నీ కుంటి గుర్రం!

ఇకమీదట దీని గురించి రాయకు.

నెల్బా

-

మోంటెవిడియో, మార్చి 10

అక్కా,

రాయొద్దన్నావు కాబట్టి పొడుగ్గా రాయను. మా క్లబ్ అతన్ని అడగలేదు. ఆ మాట నువ్వు సగమైనా నమ్మినందుకు సుల్మా నీ మీద కోపంగా ఉంది, నాకు కోపం రాలేదు.

ఒక్కటే. మ్యాచ్‌కి ముందు మోకాలికి సూది వేయించుకుంటుంటే ఆపు. నొప్పి తెలియకపోతే కాలు ఎక్కడ ఆగాలో తెలియదు.

ఆడెమార్

-

పుయెర్తో సెరెనో, జూన్ 21

తమ్ముడూ,

మూడు నెలలు నీకు రాయలేదు. సూది సంగతి రాసినదాని తర్వాత నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ విప్పలేదు. నిన్న విప్పాను. సుల్మా ఆపరేషన్ సంగతి అందులో ఉంది. నాకు తెలియదు, ఆడెమార్. క్షమించమని ఆమెకి చెప్పు.

ఇరిబార్నె మొత్తం ఐదు ఆటలు ఆడాడు. ఐదోది ఏప్రిల్ పద్దెనిమిదిన. మైదానం మధ్యలో, చుట్టుపక్కల ఎవరూ లేరు, బంతి కూడా దగ్గర లేదు. పక్కకి తిరిగాడంతే. కూర్చుండిపోయాడు. అరవలేదు. స్టేడియం అంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, నాకు కూడా తేడా తెలిసింది.

అప్పటి నుంచి అతని జీతం అతనికి వెళుతోంది, ఎందుకంటే కాంట్రాక్టులో అలా ఉంది. మిగతావాళ్ళకి రెండు నెలలుగా లేదు. కమిటీలో అతనికి చెయ్యెత్తిన తొమ్మిది మందిలో ఆరుగురు రాజీనామా చేశారు. ఓరోస్మన్‌కి గుండె నొప్పట, మందుల షాపులో మాత్రం రోజూ కనిపిస్తాడు. మా ఇంటి గోడ మీద ఎవరో నల్ల రంగుతో రాశారు. ఏం రాశారో నీకు రాయను. ఊరి పేరు పలకడానికే సిగ్గుపడే మాట.

టెచేరా దగ్గరికి వెళ్ళాను. మాంసం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. రబ్బరు బూట్లతో వచ్చాడు.

"మళ్ళీ వస్తావా?" అన్నాను.

"పొద్దున్నే నాలుగింటికి డ్యూటీ దొన్యా. ఇక్కడ పదిహేను రోజులకోసారి చేతిలో పెడతారు. అక్కడ కుర్రాళ్ళకి రెండు నెల్లుగా లేదంట కదా?"

"నా మీద కోపమా?"

"కోపముంటే బాగుండేది. కనీసం తిట్టిపోసి, వచ్చేసేవాణ్ణి."

నవ్వుతూనే అన్నాడు. దారిలో తినమని తన మధ్యాహ్నం రొట్టెలో సగం నా చేతిలో పెట్టాడు.

తర్వాత ఇరిబార్నె ఇంటికి వెళ్ళాను. అసలు నీకీ ఉత్తరం రాస్తున్నది దీని కోసం. రేవు దగ్గర అద్దె ఇల్లు. కాలు కుర్చీ మీద పెట్టుకుని ఉన్నాడు. "రండి దొన్యా, కూర్చోండి, నీళ్ళు ఇప్పుడే కాగాయి" అని మాటే ఆకుల టీ కలిపి ఇచ్చాడు. నాకు చక్కెర వేసి తాగడం అలవాటని ఎలా తెలుసో, వేసే ఇచ్చాడు.

"ఎప్పటికి తగ్గుతుంది నాయనా?" అన్నాను.

నేను వేళాకోళమాడుతున్నాననుకుని నవ్వాడు. "తగ్గేదేముంది దొన్యా? మీకు తెలుసుగా."

"నాకేం తెలుసు?"

నవ్వు ఆగిపోయింది. "మోకాలు. అంతా తెలుసని మీరే కదా అన్నారు, సంతకం రోజున? ఆడెమార్ రాశాడని? ఈ కాలు ఎనిమిది నెలలు ఆయన చేతుల్లో ఉంది. సొంత అక్కకి చెప్పకుండా ఉంటాడని నేనెందుకనుకుంటాను?"

చేతిలోది కింద పెట్టేశాను.

"నేను ఆ పూట ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను" అన్నాడు. "ముందే చెప్పేశాడు, నా నోటితో చెప్పుకునే అవమానం లేకుండా చేశాడు అనుకున్నాను. మీ మాట విని ఇంకా ఆశ్చర్యపోయాను. అంతా తెలిసి ఈవిడ నన్ను పిలిచింది, నా పేరు చాలనుకుంది, నాలుగు ఆటలు చాలనుకుంది అని. నాకెవరూ అలా చెయ్యలేదు దొన్యా. అందుకే సూదులు పొడిపించుకున్నాను. మీకు ఐదైనా ఇద్దామని."

ఆపు అని నువ్వు రాశావు. ఆపలేదు. డాక్టరు సూది తెస్తుంటే నేను మొహం తిప్పుకున్నాను.

"మీరు నన్ను ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి" అన్నాడు చివర్లో. "నన్నెవరూ అడగలేదు."

నిజమే. నిన్నడిగాను. ఏజెంటుని అడిగాను. డాక్టరుని అడిగాను. అతను ఎదురుగా కూర్చునే ఉన్నాడు.

నెల్బా

-

మోంటెవిడియో, జులై 2

అక్కా,

సుల్మా నడుస్తోంది. చేతికర్రతో వీధి చివరి వరకు వెళ్ళి వచ్చి, ఆ కుక్కకి పేరు కూడా పెట్టింది. నీ మీద కోపం లేదట. మంచానపడి కోపం మోయడం బరువంటోంది.

నీ ఉత్తరం సుల్మాకి పైకి చదివి వినిపిద్దామని మొదలుపెట్టాను. గాస్టన్ మాటల దగ్గర ఆపేశాను. తనే తీసుకుని చదువుకుంది.

నేను అతని రహస్యం కాపాడుతున్నాననుకున్నాను. అతను అది ఎప్పుడో చెప్పేసి ఉంటానని నిశ్చింతగా ఉన్నాడు. ఎవరి కోసం మూసుకున్నాను ఈ నోరు?

ఎవరి కోసమో నీకు చెప్పాలి. కాగితం మీద సంతకం, వృత్తి ధర్మం అని రాశాను. అదంతా పై పూత. నాకు పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది. సుల్మా ఆపరేషన్ ఆసుపత్రి ఖాతాలో జరగాలంటే నేను ఉద్యోగంలో ఉండాలి. నువ్వు ఎక్కడైనా నా పేరు అంటావేమోనని భయపడ్డాను. లాగదు అని రాయడానికి పట్టేది ఒక్క మాట. ఆ మాటకి నా దగ్గర ధైర్యం లేక గుర్రం మీద పెట్టి పంపాను, తప్పిపోతే తప్పు గుర్రానిది అవుతుందని.

ఇప్పుడు చెయ్యగలిగిందేమైనా ఉందా? నేను దాచుకున్నది కొంచెం ఉంది. గాస్టన్ తనంతట తనే కాంట్రాక్టు వదులుకోడా? అడిగి చూడు. ఈసారి నేరుగా అడుగు.

ఆడెమార్

-

పుయెర్తో సెరెనో, 2000 ఫిబ్రవరి 15

ఆడెమార్,

నీ డబ్బు వద్దని సెప్టెంబరులోనే రాశాను, అయినా పంపావు. తిప్పి పంపుతున్నాను. ఈ గోతిలో అది పడ్డ చప్పుడు కూడా వినపడదు. సుల్మాకి మంచి చెప్పులు కొను.

చాలా జరిగింది. నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, వరసగా చెబుతాను.

అతన్ని నేరుగానే అడిగాను. నేను అడగడం పూర్తి కాకముందే సరే అన్నాడు. ఆ రోజే ఇద్దరం బస్సెక్కి లాయరు దగ్గరికి వెళ్ళాం. లాయరు కాగితాలు తిరగేసి, వీల్లేదన్నాడు. అతని జీతాన్ని పాత ఏజెంటు కోర్టు ద్వారా జప్తు చేయించాడట, ఇటలీ నాటి తగాదా ఏదో. ఇప్పుడు ఆ జీతం వదులుకునే హక్కు అతనికే లేదు. వదులుకుంటే మోసం కింద లెక్క. "అంటే నేను ఊరికే పోతానన్నా పోనివ్వరా?" అన్నాడు గాస్టన్. "నేను పాస్ చేతిలో ఉన్నవాణ్ణి కదా?" లాయరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తిరుగు బస్సులో అతను కాలు చాపుకోవడానికి ముందు సీటావిడ లేచి చోటిచ్చింది. ఎవరో గుర్తుపట్టలేదు, కాలు చూసి లేచింది.

నవంబరులో కింది డివిజన్‌కి పడిపోయాం. డిసెంబరు నాటికి కుర్రాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ఆపమని నేనెవర్నీ అడగలేదు. జనవరి సర్వసభ్య సమావేశంలో నూట పది మంది ఉన్నారు. ఈ ఏడాది జట్టు దించకూడదని తీర్మానం. చెయ్యెత్తమంటే నేను కూడా ఎత్తాను. టెచేరా వెనక వరసలో నిలబడ్డాడు. అతనెత్తలేదు. ఎందుకని తర్వాత అడిగాను. "పదకొండేళ్ళాడాను దొన్యా, చెయ్యి లేవలేదు" అన్నాడు.

రాజీనామా ఇచ్చాను. తీసుకోవడానికి ఎవరూ లేరు. కుర్చీ ఖాళీగా ఉంటే కోర్టువాళ్ళు తాళం వేస్తారట. అందుకని ఇంకా నేనే అధ్యక్షురాల్ని.

ఇప్పుడిక్కడ జట్టు లేదు, కోచ్ లేడు, కాపలావాడు కూడా లేడు. కాని కాంట్రాక్టు ఈ ఏడాదంతా ఉంది కాబట్టి ఒక ఆటగాడున్నాడు. రోజూ తొమ్మిదింటికి వస్తాడు. గేటు నేనే తీస్తాను. మొదటి రోజు ఇంటికి వెళ్ళిపో నాయనా అన్నాను. "హాజరు వెయ్యండి దొన్యా. నేను రాలేదని తెలిస్తే కోర్టువాళ్ళు మిమ్మల్నే పట్టుకుంటారు" అన్నాడు. వేశాను. ఇరిబార్నె, గాస్టన్. హాజరు. ఆ పుస్తకంలో ఇంకే పేరూ లేదు.

పన్నెండింటి దాకా మెట్ల నీడలో కూర్చుంటాం. మాటే తాగుతాం. అతను మాట్లాడేటప్పుడు నా మంచి చెవి వైపు కూర్చుంటాడు. గడ్డి మోకాలెత్తు పెరిగింది. కోయించడానికి మనుషులు లేరు, ఎవరిదో ఆవు వచ్చి మేస్తోంది, వెళ్ళగొట్టడం మానేశాను.

నిన్న అతను లేవబోయి లేవలేకపోయాడు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఇక్కడి డాక్టరుకి చూపించనంటాడు. నేను వేడినీళ్ళ గుడ్డ వేసి రుద్దాను. నా చేతులకి ఏం తెలుసు? నొప్పెక్కడో తెలియక నొప్పి మీదే నొక్కాను. పళ్ళ బిగువున ఓర్చుకుని, "బాగుంది దొన్యా, చాలా బాగుంది" అన్నాడు.

నీ మీద నాకింకా కోపముందో లేదో నాకు తెలియదు. ఉంటే ఉంటుంది, దానికి చోటు చాలా ఉంది ఇప్పుడిక్కడ. సెలవు దొరికితే రా. ఏమీ తేవద్దు. ఒక్క పది రోజులు నీ చేతులు ఇక్కడ ఉంటే చాలు.

నెల్బా